నెట్ సరిగా రాని ఊళ్లో కంప్యూటర్‌ను అప్‌డేట్ చేసుకోవడం: నేను పాటించే పద్ధతి

ఉదయగిరి దాటి సీతారాంపురం వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. రోడ్డు పక్కన చిన్న షాపు నాది. ఒక జెరాక్సు మెషీను, ఒక ప్రింటరు, రెండు కంప్యూటర్లు. అడంగల్, 1బి ప్రింట్లు తీసివ్వడం, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు పెట్టడం, హాల్ టికెట్లు, పెళ్లి పత్రికల డీటీపీ, ఇవీ రోజూ చేసే పనులు. మాకు కేబుల్ నెట్ లేదు. ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. మంచి రోజున 1 ఎంబీపీఎస్ వస్తుంది. సాయంత్రం ఆరు దాటి అందరూ ఫోన్లు పట్టుకున్నాక అదీ రాదు.

ఆ వేగానికి ఒక లెక్క ఉంది. 1 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 125 కేబీ. 1 జీబీ ఫైలు దిగడానికి రెండుంబావు గంటలు పడుతుంది, అదీ లైను ఒక్కసారి కూడా తెగకపోతే. నా ప్లాన్‌లో రోజుకు 1.5 జీబీ వస్తుంది. అది అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు అదే 1 జీబీకి ఒకటిన్నర రోజు. విండోస్ తనంతట తాను అప్‌డేట్ లాక్కోవడం మొదలుపెట్టిందంటే కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఒక్క పేజీ తెరుచుకోదు. "ఏందక్కా, పొద్దుట్నించి అది తిరగతానే ఉండాది" అంటారు. పాపం, పొలం పని వదిలేసి వచ్చి ఉంటారు.

అందుకని నేను కొన్నాళ్లు అప్‌డేట్లు పూర్తిగా ఆపేశాను. అది ఎంత పెద్ద తప్పో డిగ్రీ చదివే ఒక అమ్మాయి వల్ల తెలిసింది. ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ తెచ్చింది. నా కంప్యూటర్‌కు పెట్టగానే ఆమె ఫోల్డర్లన్నీ మాయమై, వాటి స్థానంలో మూల చిన్న బాణం గుర్తు ఉన్న షార్ట్‌కట్లు మిగిలాయి. అంతకుముందు ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో నా మెషీన్‌లోకి వైరస్ ఎక్కి కూర్చుంది. విండోస్‌తోపాటే వచ్చే వైరస్ కాపలా డిఫెండర్‌కు నా మెషీన్‌లో ఏడు నెలలుగా అప్‌డేట్ లేదు, దాన్ని గుర్తుపట్టలేదు. ఆ పిల్ల షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఫైళ్లు పోలేదు, దాచిన ఫైళ్లుగా మారిపోయాయంతే. సాయంత్రానికి వెనక్కి తీసి ప్రింటు ఇవ్వగలిగాను. కానీ ఆ మధ్యాహ్నం నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఈ పద్ధతి రాస్తున్నాను. నెట్ లేకపోతే అప్‌డేట్ లేదనుకోవద్దు. నెట్ ఉన్న చోటి నుంచి ఫైలు తెచ్చుకోవచ్చు. ఏ ఫైలు తేవాలో ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరాలి, అంతే.

మొదట ఇంట్లో చేయాల్సింది: ఉన్న కాస్త నెట్‌ను విండోస్ మింగేయకుండా ఆపడం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, మీరు వాడే హాట్‌స్పాట్ పేరు మీద ప్రాపర్టీస్. అక్కడ మీటర్డ్ కనెక్షన్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఇది లెక్కపెట్టి వాడుకునే నెట్ అని విండోస్‌కు చెప్పినట్టు. పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు ఆగుతాయి. ఒక్కో హాట్‌స్పాట్‌కు విడిగా పెట్టాలి. మా ఆయన ఫోన్‌కు పెట్టడం మరిచిపోయి ఒకసారి ఆ రోజు డేటా అంతా పోగొట్టాను. అప్‌డేట్ పేజీలో పాజ్ బటన్ కూడా ఉంది, ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. అప్లికేషన్ల చివరి తేదీలు ఉన్న వారాల్లో నేను అదీ వాడతాను.

మీకు రాత్రిళ్లు ఆగకుండా వచ్చే లైను ఉంటే, వేగం తక్కువైనా సరే, ఇంత తిప్పలు అక్కర్లేదు. అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ ఉంటుంది. అందులో బ్యాక్‌గ్రౌండ్ డౌన్‌లోడ్‌కు ఇంత శాతమే వాడమని హద్దు పెట్టొచ్చు. పగలు మీ పని ఆగదు, నాలుగు రాత్రుల్లో ఫైలు దిగుతుంది. అక్కడే పక్క కంప్యూటర్ల నుంచి తీసుకునే వీలు కూడా ఉంది. ఒకే రౌటర్ మీద ఒకే విండోస్ ఉన్న మెషీన్లు పది ఉంటే, ఒకటి దించుకున్న ముక్కలను మిగతావి దాని నుంచే తీసుకుంటాయి. స్కూలు ల్యాబులకు ఇది చాలా పనికొస్తుంది. నా రెండింటిలో ఒకటి విండోస్ 10, ఒకటి 11. కాబట్టి నాకు ఉపయోగపడలేదు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. నెలకోసారి పేపరు, టోనరు కోసం నెల్లూరు వెళ్తాను. పొద్దున బస్సెక్కితే పనులు చూసుకుని రాత్రికి ఇల్లు చేరతాను. ఆ ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలన్నది అప్‌డేటే నిర్ణయిస్తుంది. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం నాడు ఆ నెల అప్‌డేట్ విడుదల చేస్తుంది. మనకు అది మంగళవారం రాత్రి పొద్దుపోయాక. నేను మాత్రం ఆ వారం శనివారమే వెళ్తాను. కొన్నిసార్లు కొత్త అప్‌డేట్ వల్ల ప్రింటర్లు మొరాయించడం లాంటి ఇబ్బందులు వస్తాయి. ఆ మూడు నాలుగు రోజుల్లో అలాంటివి బయటపడతాయి. ఇంకో మంచి విషయం ఏమిటంటే, ఈ నెలవారీ అప్‌డేట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వస్తాయి. మూడు నెలలు వదిలేసినా మూడు ఫైళ్లు అక్కర్లేదు, చివరిది తెచ్చుకుంటే వెనకటివి అందులోనే ఉంటాయి.

వెళ్లే ముందు రోజు రాత్రి చీటీ రాసుకుంటాను. ఒక పక్క ప్రింటు పాడైన ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, మెషీన్‌కొకటి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో విన్‌వెర్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ చేయాలి. వెర్షన్, దాని పక్కన ఓఎస్ బిల్డ్ అని చుక్కతో ఉన్న పొడుగు అంకె కనిపిస్తాయి. రెండూ చీటీలోకి. నా ల్యాప్‌టాప్‌ది విండోస్ 11, వెర్షన్ 24హెచ్2. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో సిస్టమ్ టైప్ చూడాలి. అది ప్రాసెసర్ రకం, మనవాళ్ల దగ్గర దాదాపు అన్నీ ఎక్స్64. దాన్ని ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి చుట్టూ గీత గీస్తాను. ఎందుకో చెబుతాను.

కావలసిన అప్‌డేట్‌కు ఒక నంబరు ఉంటుంది. కేబీ అనే రెండక్షరాల తర్వాత ఏడంకెలు. దాన్ని కనుక్కోవడానికి పెద్ద నెట్ అక్కర్లేదు, ఫోన్‌లో విండోస్ 11 అప్‌డేట్ హిస్టరీ అని వెతికితే మైక్రోసాఫ్ట్ వాళ్ల పేజీ వస్తుంది. తేదీ, కేబీ నంబరు, బిల్డ్ నంబరు వరుసగా ఉంటాయి. మీ వెర్షన్ కింద ఉన్నదే చూడండి. పక్కన ప్రివ్యూ అని రాసి ఉంటే దాన్ని వదిలేయండి. అది వచ్చే నెల అప్‌డేట్‌కు ముందుగా ఇచ్చే రుచి లాంటిది, మనకు అవసరం లేదు. కేబీ నంబరు, కొత్త బిల్డ్ నంబరు రెండూ చీటీలో రాసుకోండి. రెండోదాని అవసరం చివర్లో వస్తుంది.

నెల్లూరులో మా మేనమామ కూతురి ఇల్లు ఉంది, ఫైబర్ నెట్. అక్కడ కూర్చుని మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కెటలాగ్ తెరుస్తాను. అడ్రస్ కెటలాగ్ డాట్ అప్‌డేట్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్. లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పైన వెతికే పెట్టెలో కేబీ నంబరు కొడితే నాలుగైదు వరుసలు వస్తాయి. ఇక్కడ తొందరపడొద్దు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి ఎక్స్64 మెషీన్లకు, ఒకటి ఆర్మ్64 మెషీన్లకు. కొన్ని సర్వర్లకు. పేరులో డైనమిక్ అనే మాట ఉన్నది ఇంకోటి ఉంటుంది, అది విండోస్ ఇన్‌స్టాల్ చేసే డిస్కులు తయారు చేసేవాళ్లకు. మనకు కావలసింది క్యుములేటివ్ అప్‌డేట్ అని, మన వెర్షన్ పేరుతో, ఎక్స్64 అని ఉన్న వరుస.

మొదటిసారి నేను ఆర్మ్64 తెచ్చుకున్నాను. పొద్దున ఐదున్నరకు బయలుదేరి, రాత్రి ఆఖరి బస్సుకు దిగి, అన్నం కూడా తినకుండా షాపు తీసి పెన్‌డ్రైవ్ పెట్టాను. ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కు వర్తించదని ఒకే ఒక్క వాక్యం వచ్చింది. మళ్లీ నెల్లూరు పోయేదాకా అలాగే ఆగాల్సి వచ్చింది. ఎర్ర పెన్ను ఆ రోజు నుంచే.

డౌన్‌లోడ్ నొక్కితే చిన్న విండో వేరుగా తెరుచుకుంటుంది. ఫోన్‌లో చేస్తుంటే పాప్‌అప్ అని బ్రౌజర్ అడ్డుకోవచ్చు, అనుమతి ఇవ్వండి. విండోస్ 11 24హెచ్2 నుంచి ఆ విండోలో ఒక్కోసారి రెండు ఫైళ్లు ఉంటాయి. రెండూ తీసుకోండి. విండోస్ 10 ఫైలు ముప్పావు జీబీ దరిదాపుల్లో ఉంటుంది. 11ది ఇప్పుడు మూడు, నాలుగు జీబీలకు పోతోంది. అందుకే పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకోవాలి. కొత్త పెన్‌డ్రైవ్‌లు చాలా ఫ్యాట్32తో వస్తాయి, అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. 32 జీబీ ఖాళీ ఉన్నా ఫైలు మరీ పెద్దదంటూ తిప్పికొడుతుంది. ముందే ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి ఫార్మాట్ చేసుకోండి. ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి, గుర్తుంచుకోండి.

ఫైలు పూర్తిగా దిగిందో లేదో ఊరు వదలక ముందే తేల్చుకోవాలి. దీనికి నేను చేసేది చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. కెటలాగ్ నుంచి వచ్చే ఫైలు పేరు చాలా పొడుగ్గా ఉంటుంది. చివర్లో అండర్‌స్కోర్ గీత, దాని తర్వాత అక్షరాలూ అంకెలూ కలిసి నలభై. అది ఎస్‌హెచ్‌ఏ1 సంఖ్య, అంటే ఆ ఫైలు వేలిముద్ర. ఫైల్లో ఒక్క ముక్క తేడా వచ్చినా ఆ సంఖ్య మారిపోతుంది. కంప్యూటర్‌లో 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే మెనూలో ఎస్‌హెచ్‌ఏ1 నొక్కండి. అది లెక్కగట్టి చూపించే సంఖ్యనూ ఫైలు పేరు చివర ఉన్న సంఖ్యనూ పోల్చండి. నేను మొదటి ఆరు, చివరి ఆరు చూస్తాను. కలిస్తే ఫైలు నిక్షేపంగా ఉన్నట్టు. రేషన్ మిషన్ మీద వేలు పెడితే మనిషి వాళ్లేనని తేలినట్టే ఇదీ. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన తర్వాత, ఆ పెన్‌డ్రైవ్‌లోని ఫైలు మీదే ఇంకోసారి చేయండి. పేరు మాత్రం మార్చొద్దు, మారిస్తే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. చివరగా, ఎజెక్ట్ నొక్కాకే పెన్‌డ్రైవ్ లాగండి. బస్సు వేళైందని ఒకసారి ఊరికే లాగేశాను. ఫైలు పేరు ఉంది, లోపల సగమే ఉంది.

అదే కూర్చోవడంలో ఇంకో మూడు తెచ్చుకోవాలి. షాపు నడిపేవాళ్లకు విండోస్ అప్‌డేట్ ఎంత ముఖ్యమో ఇవీ అంతే ముఖ్యం.

మొదటిది డిఫెండర్ వైరస్ జాబితా. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఇంటెలిజెన్స్ పేజీలో చేత్తో దించుకునే ఫైలు ఉంటుంది. 64 బిట్‌కు ఉన్నది తీసుకోండి. రోజుకు చాలాసార్లు కొత్తది పెడతారు కాబట్టి దీన్ని అన్నిటికంటే చివర, బయలుదేరబోయే ముందు దించుకుంటాను. ఇంటికొచ్చి డబుల్ క్లిక్ చేస్తే ఏమీ కనిపించదు. విండో రాదు, అయిపోయిందన్న మాటా రాదు. పని చేయలేదనుకుని పదిసార్లు నొక్కొద్దు. రెండు నిమిషాలు ఆగి విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ అప్‌డేట్స్ చూస్తే తేదీ మారి ఉంటుంది. ఒకసారి ఇలా దగ్గరికి తెచ్చుకున్నాక, ఆ పైన రోజువారీ తేడా చిన్నదే. మా హాట్‌స్పాట్ మీద కూడా వస్తుంది. పొద్దున షాపు తీయగానే అక్కడ చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి, ఊడ్చుకునే లోపు అది అయిపోతుంది.

రెండోది బ్రౌజర్. మనం చేసే పనంతా అందులోనే. క్రోమ్ కోసం మామూలుగా డౌన్‌లోడ్ నొక్కితే వచ్చేది చిన్న ఫైలు, అది ఇంటికొచ్చాక మళ్లీ నెట్ అడుగుతుంది. క్రోమ్ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ అని వెతికి గూగుల్ హెల్ప్ పేజీ నుంచి పూర్తి ఫైలు తీసుకోండి, అది వంద ఎంబీ పైనే ఉంటుంది. సైజు చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. పాతదాని మీదే ఇన్‌స్టాల్ చేయొచ్చు, బుక్‌మార్కులు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు పోవు. ఇలాంటివి ఎప్పుడూ అసలు కంపెనీ పేజీ నుంచే. వెతికితే పైన కనిపించే ప్రకటనల లింకులు, ఫ్రీ అని ఊరించే సైట్లు వద్దు. వైరస్‌ను మనమే బస్సెక్కించి ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది.

మూడోది ప్రింటర్ డ్రైవర్ పూర్తి ప్యాకేజీ. అప్‌డేట్ తర్వాత ప్రింటర్ పలకకపోతే మళ్లీ ఎక్కించుకోవడానికి. ఇది ఒకసారి తెచ్చుకుని పెన్‌డ్రైవ్‌లో అలా ఉంచేస్తే చాలు. లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లు దాని పెద్ద ఇన్‌స్టాలర్‌ను ఆర్నెల్లకోసారి తెచ్చుకున్నా సరిపోతుంది. హెల్ప్ ఫైలు వేరుగా ఉంటుంది, నెట్ లేనివాళ్లకు అదీ కావాలి.

ఇప్పుడు ఇంటికొచ్చాం. ఆ రాత్రే చేయాలని పట్టుబట్టొద్దు. కరెంటు నికరంగా ఉండే వేళ చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే నిండా ఛార్జింగ్ పెట్టి, ఛార్జర్ తగిలించే ఉంచండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉన్నా అది పది పదిహేను నిమిషాలే ఆగుతుంది, నా డెస్క్‌టాప్‌లో అప్‌డేట్ ఎక్కడానికి గంటకు పైగా పడుతుంది. నేను ఆదివారం పొద్దున పెట్టుకుంటాను. సి డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉందో లేదో చూస్తాను. ఆ వారం కస్టమర్ల ఫైళ్లు, డీటీపీ పత్రికలు పక్క హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తాను.

తర్వాత హాట్‌స్పాట్ ఆపేసి, పెన్‌డ్రైవ్ నుంచి ఫైలును కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి డబుల్ క్లిక్. పెన్‌డ్రైవ్ మీద నుంచే నేరుగా నడపొద్దు, మధ్యలో చెయ్యి తగిలితే అంతే సంగతులు. రెండు ఫైళ్లు తెచ్చుకుని ఉంటే చిన్న కేబీ నంబరు ఉన్నది ముందు, పెద్దది తర్వాత. చిన్నది ఇప్పటికే ఉందంటే మంచిదే, రెండోదానికి వెళ్లండి. వెతుకుతున్నానంటూ అది చాలాసేపు నిలబడిపోతుంది. నిలబడనివ్వండి. రీస్టార్ట్ అడుగుతుంది, ఇవ్వండి. నీలం లేదా నల్ల తెర మీద శాతం లెక్క నడుస్తుంది. ఒక్కోసారి ఒకే అంకె దగ్గర అరగంట ఆగుతుంది. హార్డ్‌డిస్క్ లైటు మిణుకుతున్నంతసేపు పవర్ బటన్ జోలికి పోవద్దు. మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు విండోస్ తానే చేసినదాన్ని వెనక్కి తీసుకుని పాత స్థితికి వస్తుంది. కంగారు పడి మళ్లీ మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేయడం వల్లే ఎక్కువ చెడుతుంది.

విండోస్ 10 ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ తర్వాతి భద్రతా అప్‌డేట్లు కెటలాగ్‌లో కనిపించినా, మీ మెషీను ఈఎస్‌యూ అనే పొడిగింపులో చేరి ఉంటేనే ఎక్కుతాయి. ఇళ్లలో వాడే మెషీన్లకు ఆ పొడిగింపు 2026 అక్టోబర్ 13 దాకా. చేరడానికి అప్‌డేట్ పేజీలోనే లింకు ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. దానికి పట్టే డేటా కొంచెమే, మా హాట్‌స్పాట్ మీదే అయిపోయింది. ఇంకా విండోస్ 7 వాడుతున్నవాళ్లు మా మండలంలో ఇప్పటికీ ఉన్నారు. దానికి సపోర్టు ఆగింది 2020 జనవరిలో. ఆ మెషీన్ మీద బ్యాంకు పని, ఆధార్ పని దయచేసి చేయొద్దు. నెట్ తీసేసి టైపింగ్‌కు మాత్రం వాడుకోండి.

ఎన్నిసార్లు చేసినా అప్‌డేట్ ఎక్కకుండా తప్పు నంబరు చూపిస్తూ ఉంటే, నెలవారీ ఫైలుతో కుస్తీ పట్టడం మానేస్తాను. మైక్రోసాఫ్ట్ పేజీ నుంచి విండోస్ 11 ఐఎస్ఓ ఫైలు మొత్తం తెచ్చుకుంటాను. అది 5 జీబీ పైన ఉంటుంది. నడుస్తున్న విండోస్‌లోనే దాని మీద డబుల్ క్లిక్ చేస్తే డిస్కులా తెరుచుకుంటుంది. అందులో సెటప్ నడిపి, ఫైళ్లూ యాప్‌లూ ఉంచమని ఎంచుకుంటే కింద పునాది కొత్తదవుతుంది, పైన మన సరంజామా అలాగే ఉంటుంది. ఆ ఎంపిక తెర మీద కనిపించకపోతే మాత్రం అక్కడితో ఆపేయండి. భాషో, ఎడిషనో వేరేది తెచ్చారని అర్థం.

అంతా అయ్యాక మళ్లీ విన్‌వెర్. చీటీలో రాసుకున్న కొత్త బిల్డ్ నంబరు, తెర మీది నంబరు చుక్క తర్వాతి అంకెలతో సహా కలవాలి. కలిస్తే టిక్ పెట్టి, తేదీ వేసి, ఆ చీటీని షాపు లెక్కల పుస్తకంలో ఆ నెల పేజీకి పిన్ చేస్తాను. తర్వాత ఒక ప్రింటు, ఒక స్కాన్, ఒక తెలుగు పేజీ టైపింగ్ పరీక్షగా చేసి చూస్తాను. ఇన్‌స్టాలర్లను పెన్‌డ్రైవ్‌లో ఇంకో నెల ఉంచుతాను, ఎందుకంటే ఆ వారంలో సీతారాంపురం నుంచో, పక్క ఊరి నుంచో ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వచ్చి, "అక్కా, నాకూ అది ఎక్కించవా" అని అడుగుతారు. వాళ్లను కూర్చోబెట్టి ముందు విన్‌వెర్ తెరిపించి, వాళ్ల చేతే చీటీ రాయిస్తాను.